క్యాథలిక్ చరిత్రపై పీహెచ్‌డీకి వేరే శాఖ నుంచి కో-గైడ్ దొరకాలంటే?

మాది శ్రీకాకుళం, ఎంఏ హిస్టరీ అయింది. రెండో వాటికన్ మహాసభ (క్యాథలిక్ బిషప్పుల ప్రపంచ సభ, 1962-65) తర్వాత చర్చిలో పూజ లాటిన్ నుంచి తెలుగులోకి వచ్చాక మా పల్లె విచారణల్లో (పారిష్‌లలో) పాటలు, పండుగలు ఎలా మారాయన్నది నా టాపిక్. జూన్ నుంచి మూడు యూనివర్సిటీలకు సినాప్సిస్ పంపాను. హిస్టరీ వాళ్లు పాటలు తీసేయమన్నారు, సోషియాలజీ వాళ్లు చర్చి పాత రిజిస్టర్లు వద్దన్నారు, తెలుగు శాఖ నుంచైతే జవాబే లేదు. రెండుసార్లు కుదించి రాశాను, కానీ జ్ఞానస్నానాల రిజిస్టర్లో లాటిన్ పేరు, దాని పక్కనే మన ఇంటిపేరు, వెలిసిన సిరాలో ఒకే వరుసలో చూశాక దీన్ని ఒక్క సబ్జెక్టుకి కట్టేయడం నాకు మనసొప్పడం లేదు. హిస్టరీలో రిజిస్టర్ అయి, సోషియాలజీ లేదా తెలుగు నుంచి కో-గైడ్‌ని పెట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, డిపార్ట్‌మెంట్‌ని ఎలా ఒప్పించారో చెప్తారా?