నీలకంఠ రొయ్య పిల్లల తోక తెల్లబడుతోంది, వైరస్ అని ఎలా తేల్చుకోవాలి?

అన్నలూ, మాది నెల్లూరు జిల్లా. అరెకరం నర్సరీ చెరువులో 60 వేల నీలకంఠ (మంచినీటి రొయ్య) పిల్లలు వదిలి పన్నెండు రోజులైంది. మొన్నటి నుంచి చెక్ ట్రేలో (మేత, పిల్లల స్థితి చూసే పళ్లెం) కొన్నిటికి తోక దగ్గర కండ పాలలా తెల్లగా కనిపిస్తోంది, నిన్న ఇంకా పైకి పాకింది, ఈ ఉదయం గట్టు వెంట చచ్చినవి చేతినిండా వచ్చాయి. మేత సరిగా ముట్టడం లేదు.

తెల్లతోక జబ్బేమో అని టెన్షన్‌గా ఉంది. 2001 ప్రాంతంలో మా జిల్లాలో ఇది హేచరీలనూ నర్సరీలనూ తుడిచిపెట్టిందని నాన్న చెప్తుంటారు. ఆక్సిజన్ తగ్గినా, పట్టేటప్పుడు ఒత్తిడికి గురైనా కండ తెల్లబడుతుందని తెలుసు, కానీ రాత్రంతా ఏరేటర్ తిప్పినా తగ్గలేదు.

దగ్గరి ల్యాబ్‌లో పీసీఆర్ (వైరస్ జన్యుపదార్థాన్ని పట్టే పరీక్ష) చేయిస్తే నెగెటివ్ అన్నారు. తీరా కనుక్కుంటే వాళ్లు చూసింది వెన్నామి అనే వేరే రకం రొయ్యలో వచ్చే తెల్లమచ్చ వైరస్ ఒక్కటే. అది డీఎన్ఏ వైరస్, తెల్లతోకకు కారణమైన నోడావైరస్ ఆర్ఎన్ఏది కాబట్టి ఆర్ఎన్ఏను ముందు డీఎన్ఏగా మార్చి చూసే ఆర్టీ పీసీఆరే చేయాలి కదా?

ఆ పరీక్ష నిజంగా చేసే ల్యాబ్ మన వైపు ఎక్కడుంది? చెన్నైలోని సీబాకు (కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ) పంపినవాళ్లు ఉంటే శాంపిల్ ఆల్కహాల్‌లో పెట్టారా, ఐస్‌లోనా, ఎన్ని పిల్లలు పంపారు, రిపోర్టు ఎన్నాళ్లకొచ్చింది? చచ్చినవి కాకుండా తోక తెల్లబడి బతికున్నవే పంపాలా? ఫలితం వచ్చేదాకా ఈ నీళ్లు బయటికి వదలను, పక్కన మా బాబాయి చెరువులున్నాయి. తెలిసినవాళ్లు దయచేసి త్వరగా చెప్పండి.