బతుకమ్మ రోజు గోల్‌బాల్: పనుల పంపకం

క్రీడల బాధ్యత (సెలవు మీద హనుమకొండలో)

అందరికీ నమస్కారం. ఈసారి బతుకమ్మ రోజు మధ్యాహ్నం బడి జిమ్‌లో కుర్చీలాట బదులు గోల్‌బాల్ పెడదామన్నాను కదా, "అంధుల క్రికెట్ లాంటిదేనా?" అని ముగ్గురు అడిగారు. కాదు. క్రికెట్‌ను చూపు లేనివారికి అనువుగా మార్చుకున్నారు. గోల్‌బాల్ పుట్టిందే వారి కోసం. రెండో ప్రపంచ యుద్ధంలో చూపు పోగొట్టుకున్న సైనికుల కోసం ఆస్ట్రియాకు చెందిన హాంజ్ లోరెంజెన్, జర్మనీకి చెందిన సెప్ రైండ్లె 1946లో దీన్ని రూపొందించారు. 1976 టొరంటో పారాలింపిక్స్ నుంచి దీనికి పతకాలు ఇస్తున్నారు.

కోర్టులో జట్టుకు ముగ్గురు. బంతిలో గంటలుంటాయి. ఒకరు దాన్ని నేల మీద దొర్లేలా విసురుతారు. అవతలి ముగ్గురు చప్పుడు విని, నేల మీద అడ్డంగా వాలి, ఒంటితో ఆపుతారు. కోర్టు ఎంత వెడల్పో గోల్ కూడా అంత వెడల్పు, 9 మీటర్లు. కొద్దిగా చూపున్నవారికి లాభం కలగకూడదని అందరికీ కళ్లకు గంతలు కడతారు. ఆట మధ్యలో అనుమతి లేకుండా వాటిని ముట్టుకుంటే పెనాల్టీ. అప్పుడు ఆ 9 మీటర్లూ ఒక్కరే కాచుకోవాలి.

హాలు బాధ్యత

అన్నా, బడివాళ్లు నేల మీద రంగు వేయనివ్వరు. కోర్టు ఎలా గీయాలి?

క్రీడల బాధ్యత

గీయనక్కర్లేదు. గోల్‌బాల్ కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. అచ్చంగా వాలీబాల్ కోర్టే! ఆ జిమ్‌లో గీతలు ఉన్నాయి. నెట్ స్తంభాలు తీయించి, వాటి గుంతలకు మూతలు బిగించారో లేదో మీరే చేత్తో తడిమి చూడండి. ఆటగాళ్లు అక్కడే దూకి పడుకుంటారు.

గీత కాలికీ చేతికీ తగలాలి కాబట్టి దాని మీద దారం పరిచి, పైన టేపు అంటించాలి. మొన్న కొత్తవాడలో మా మేనమామ జంపఖానాల నూలు ఇస్తే ఇంట్లో గచ్చు మీద అంటించి చూశాను. ఒంటి పోగు వేలికి తెలియనే లేదు. మూడు పోగులు కలిపి పురి పెడితే బొటనవేలు ఠక్కున పట్టేసింది. ఒక పెద్ద ఉండ తెస్తున్నాను, టేపు మాత్రం అక్కడే కొనండి. లాగితే రంగు ఊడిరాని రకం.

కోశాధికారి

బంతి ధర చూశాను. పిల్లలకు కూడా అదే కావాలా? ఇంకో మాట, కోర్టు పక్కన విరాళాల పెట్టె పెడితే బాగుంటుందేమో.

క్రీడల బాధ్యత

అసలు బంతి ఒక్కటి చాలు. చుట్టుకొలత 76 సెంటీమీటర్లు, అంటే ఇంచుమించు బాస్కెట్‌బాల్ అంత. బరువు మాత్రం దానికి రెట్టింపు, 1.25 కిలోలు. పిల్లలకు బాస్కెట్‌బాల్‌నే సరుకుల కవరులో చుట్టి ఇద్దాం, దొర్లుతుంటే గరగరమంటుంది. నేనూ మా తమ్ముడూ కళ్లకు తువ్వాళ్లు కట్టుకుని వసారాలో ఆడాం. మొదటి పది బంతుల్లో నేను ఆపింది రెండు, అందులో ఒకటి మోకాలితో, అదీ పొరపాటున. మోకాలి తొడుగులు జాబితాలో రాసుకోండి.

విరాళాల పెట్టె వద్దు, దయచేసి. నేర్పడానికి అక్కడి క్లబ్బు నుంచి ఇద్దరు క్రీడాకారులు వస్తున్నారు. వాళ్లు మన గురువులు. పోయినేడు నృత్యం నేర్పినవారికి ఇచ్చినట్టే పారితోషికం, ప్రయాణ ఖర్చులు ఇద్దాం. తీసుకొచ్చేవారు చెయ్యి పట్టి లాగకండి. సాయం కావాలా అని అడిగి, మీ మోచేయి అందించండి. గంతలు కట్టుకుని ఫొటోలు దిగి వెళ్లిపోయే వరస కూడా పెట్టను. వచ్చినవారు ఆడాల్సిందే.

సాంస్కృతిక బాధ్యత

మూడింటికి మా అమ్మాయిల కోలాటం సాధన ఉంది. స్పీకర్ శబ్దం తగ్గిస్తాం, సరిపోతుందా?

క్రీడల బాధ్యత

సరిపోదు వదినా. అసలు చిక్కంతా ఇక్కడే. బంతి ఆటలో ఉన్నంతసేపూ ప్రేక్షకులు నోరు విప్పకూడదు, రెఫరీ ముందే నిశ్శబ్దం చెబుతారు. గోల్ పడ్డాక చప్పట్లు, కేకలు, ఏవైనా సరే. మన సభల్లో ముఖ్య అతిథి మాట్లాడుతుంటేనే వెనక వరసల్లో పెళ్లి సంబంధాలు కుదురుతాయి, కాబట్టి నాకు తలుపు దగ్గర మొహమాటం లేని మనిషి ఒకరు కావాలి. అసలు ఆట 12 నిమిషాల చొప్పున రెండు భాగాలు. మనం అయిదేసి నిమిషాలు పెట్టుకుందాం. మూడు నుంచి నాలుగు వరకు ఆ ఒక్క గంటా స్పీకర్ పూర్తిగా ఆపండి. కోలాటం నాలుగు తర్వాత ఎంతసేపైనా.

సాంస్కృతిక బాధ్యత

సరే, నాలుగుకు మార్చాను. తలుపు దగ్గర మా అత్తయ్య కూర్చుంటారు. ఆమెకు మొహమాటం తెలియదు.

హాలు బాధ్యత

జిమ్ పక్క గదే వంటగది. మధ్యలో తలుపు లేదు, తెర మాత్రమే. అక్కా, చూశారా?

వంట బాధ్యత

చూశాను. పెరుగు సద్ది, పులిహోర మూడింటికి ముందే కలిపేస్తాను, కుక్కర్లు అప్పటికే దించేస్తాం. ఆ గంటలో మలీద ముద్దలు చేసుకుంటాం, దానికి చప్పుడుండదు. స్టీలు గిన్నెలు ఎవరూ కదపకుండా చూడటం మాత్రం ఆ అత్తయ్యగారికే అప్పగించండి.