ఆసుపత్రిలో ఒక బీపీ, ఇంట్లో ఒక బీపీ: 24 గంటల పరీక్ష నెల్లూరులో ఎక్కడ చేస్తారు?

మాది కావలి. అమ్మకు 61 ఏళ్లు. బీపీకి రోజూ ఉదయం 7 గంటలకు టెల్మిసార్టాన్ 40 వేసుకుంటుంది. షుగర్ లేదు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 0.9. ఇన్నాళ్లూ చూసిన డాక్టరు గారు ప్రాక్టీసు మానేయడంతో మామూలు చెకప్‌కి నెల్లూరులో కొత్త డాక్టరు గారికి చూపించాం. అక్కడ బీపీ 168/96. ఆమ్లోడిపిన్ 5 కూడా కలిపి రాశారు. ఆ రోజు సాయంత్రమే ఇంట్లో చూస్తే 128/80!

బస్సు దిగి మెట్లెక్కిన ఆయాసమేమోనని తర్వాతిసారి ముందే వెళ్లి అరగంట కూర్చోబెట్టాం. అయినా 164/94. మా మిషన్ తప్పేమోనని అక్కడికే పట్టుకెళ్లి వాళ్ల దానితో పోల్చాం, 4 పాయింట్లే తేడా. పొద్దున మాత్రకు ముందు, రాత్రి భోజనానికి ముందు చూసి రాసిన పుస్తకం కూడా చూపించాం. అందులో ఎక్కడా 134/84 దాటలేదు. ఆయన తిరగేసి పక్కన పెట్టారు. ఓపీ రద్దీలో అంతకంటే కుదరదేమో.

నా భయమల్లా ఆమ్లోడిపిన్ గురించే. ఇదివరకు అది వాడితే అమ్మకు చీలమండలు వాచి, పాత డాక్టరు గారే ఆపించారు.

చేతికి పట్టీ కట్టి ఇంటికి పంపి, నిద్రలో కూడా బీపీ రాసుకునే 24 గంటల మిషన్ ఉంటుంది కదా. ల్యాబుల్లో అడిగితే హోల్టర్ ఉందంటున్నారు. అది ఈసీజీకి, బీపీకి కాదు.

నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ ఈ 24 గంటల బీపీ పరీక్ష ఎక్కడ చేస్తున్నారో, చేయించుకున్నవాళ్లు చెప్పగలరా?