దేవద్రవ్యానుమానములు: ఇందులో ‘అనుమానం’ ఎక్కణ్ణుంచి వచ్చింది?

పల్నాటి పాఠకుడు

తపస్కాలం (ఈస్టర్ ముందు ఉపవాసాల రోజులు) మొదలైనప్పటి నుంచి ఒక వాక్యం వదలకుండా బుర్రలో తిరుగుతోంది. మా అమ్మాయి ఈ పాస్కా పండక్కి (ఈస్టర్‌కి) ప్రథమ దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) తీసుకోబోతోంది, అందుకని రోజూ రాత్రి జపమాల అయ్యాక సత్యోపదేశం (విశ్వాసం నేర్పే ప్రశ్న-జవాబుల పాఠం) అప్పజెప్పించుకుంటున్నాను. దాని పుస్తకంలో “సంస్కారములు ఏడు” అని ఉంది, జ్ఞానస్నానం (బాప్తిస్మం), దివ్యసత్ప్రసాదం లాంటివి. మాకు ఉపదేశి గారు చెప్పించింది మాత్రం “దేవద్రవ్యానుమానములు ఏడు”. ప్రశ్న చక్కగా గుర్తుంది, “దేవద్రవ్యానుమానములు అనగానేమి?” అని. జవాబు “సేసునాథస్వామివారు…” అని మొదలై “కంటికి కనబడు గురుతులు” అన్న చోట తేలుతుంది. మధ్యలో మాటలు పోయాయి. ఎవరికైనా పూర్తిగా వచ్చా? ఇంకో సంగతి, మా నాయనమ్మ దాన్ని “దేవదివ్యానుమానాలు” అనేది. అసలు అక్షరం ‘ద్ర’నా, ‘ది’నా? విశ్వాసం నేర్పే చోట ‘అనుమానం’ ఎందుకు పెట్టారో కూడా తెలిసినవాళ్లు చెప్పండి.

గుణదల కొండ కింద

‘ద్ర’నే, అందులో రెండో మాట లేదు. ‘దేవ’ అన్నాక మళ్లీ ‘దివ్య’ ఎవరూ పెట్టరు. పెద్దవాళ్ల నోట్లో ‘ద్రవ్య’ నలిగి ‘దివ్య’ అయింది, దివ్యబలిపూజ, దివ్యసత్ప్రసాదం రోజూ అనే నోరు కాబట్టి. జవాబు మా విచారణలో (మా గుడి పరిధిలో) ఇంకోలా చెప్పించేవారు, “వరప్రసాదమును (దేవుడి కృపను) కలుగజేయునట్టి” అన్న ముక్క తప్పకుండా ఉండేది.

చెన్నై తెలుగువాడు

ఈ మాటను తెలుగులో వెతికితే దొరకదు, తమిళంలో వెతకాలి. అక్కడి పాత కతోలికులు ఇప్పటికీ ‘తేవ తిరవియ అనుమానం’ అంటారు. పాపసంకీర్తనం, జ్ఞానస్నానం, మేత్రాణులు (బిషప్పులు) అన్నీ ఆ దారిన వచ్చినవే (మేత్రాణి అయితే తమిళానికీ ముందు సిరియా భాష నుంచి కేరళకు వచ్చిన మాట). తమిళనాటి మధురలో నొబిలి అనే ఇటలీ జెస్విటు గురువు 1606 నుంచి సంస్కృత పదాలతో ఉపదేశం అల్లాడు. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో ఫ్రెంచి జెస్విట్లు పుంగనూరు, కృష్ణాపురం వైపు కర్నాటక మిషన్ పెట్టినప్పుడు ఆ మాటల మూట వాళ్ల వెంటే వచ్చింది. ఇక అర్థం. తమిళంలో ‘తిరవియం’ అంటే ధనం, “తిరైకడల్ ఓడియుం తిరవియం తేడు” అన్న సామెత అందరికీ తెలుసు. దేవద్రవ్యం అంటే దేవుడి సొమ్ము, అంటే వరప్రసాదం. అనుమానం అంటే దాని గురుతు. మొత్తం కలిపితే దైవధనానికి గురుతు. మరియమ్మ జపం కూడా “దేవ వరప్రసాదముచేత నిండిన” అనే కదా మొదలవుతుంది, ఆ ప్రసాదమే ఈ ద్రవ్యం.

తర్కం చదివినవాణ్ణి

చెన్నై వారు ద్రవ్యాన్ని బొత్తిగా డబ్బు చేసేశారు. పక్కన ‘అనుమానం’ ఉన్నప్పుడు ద్రవ్యాన్ని కూడా శాస్త్రం ప్రకారమే చదవాలి. వైశేషిక దర్శనంలో ద్రవ్యాలు తొమ్మిది, పృథివి, జలం, తేజస్సు వగైరా. చేతికి అందే పదార్థం అన్నమాట. పాశ్చాత్య వేదాంతులు ప్రతి సంస్కారానికీ ఒక పదార్థం, ఒక వాక్కు ఉండాలన్నారు. జ్ఞానస్నానానికి నీళ్లు, దివ్యసత్ప్రసాదానికి గోధుమ అప్పం, ద్రాక్షరసం, అభ్యంగనాలకు తైలం. పవిత్ర వారంలో పీఠాధిపతులు (బిషప్పులు) మంత్రించే మూడు తైలాలు తలుచుకోండి. అందులో ఒకటి, క్రిస్మా, సుగంధం కలిపిన ఒలీవ నూనె. ఈ ద్రవ్యాల ద్వారా దేవుడి పనిని తెలుసుకోవడమే ద్రవ్యానుమానం.

మా అమ్మమ్మకు అవస్థ అభ్యంగనం (జబ్బు ముదిరినవాళ్లకు నూనె రాసే సంస్కారం) ఇచ్చినప్పుడు నేను మంచం పక్కనే ఉన్నాను. గురువు గారు చిన్న డబ్బీ మూత తీస్తే లోపల నూనెలో తడిసిన దూది ఉంది, అంతే. నుదుటి మీద, రెండు అరచేతుల్లో రాశారు. తరవాత బొటనవేలికి అంటిన నూనెను నిమ్మచెక్కతో తుడుచుకున్నారు. ఆ గదిలో కంటికి కనబడింది దూది, నూనె, నిమ్మచెక్క. అమ్మమ్మ మొహంలో వచ్చిన నిమ్మళం వీటిలో దేన్నుంచి వచ్చిందో మేం తెలుసుకున్నది ఊహతోనే, ఆ ఊహకే శాస్త్రంలో అనుమానం అని పేరు. ద్రవ్యం అంటే ఖజానా అని ఎవరు చెప్పినా నాకు ఆ నూనే గుర్తొస్తుంది.

నెల్లూరు టీచర్

ఇంత తర్కం ఉపదేశుల దగ్గర చదువుకున్న పిల్లలకు ఎలా ఎక్కుతుంది? మామూలు తెలుగులో అనుమానం అంటే సందేహమే. “నీ మీద నాకు అనుమానంగా ఉంది” అంటాం. రెండో వాటికన్ సభ (1962-65) తరవాత పూజ తెలుగులోకి వచ్చినప్పుడు ‘సంస్కారములు’ అని మార్చడం మంచి పనే అయింది. ‘అవస్థ’ మాత్రం? తెలుగులో అవస్థ పడటం అంటే తిప్పలు పడటం. ఇప్పుడు వ్యాధిగ్రస్తుల అభ్యంగనం అంటున్నాం, మంచం పట్టిన మనిషికి ఆ పేరు వింటే కాస్త ధైర్యంగా ఉంటుంది.

పల్నాటి పాఠకుడు

మారిస్తే మార్చారు గానీ సంస్కారం అంటే మా అమ్మాయి “అంటే మర్యాదా నాన్నా?” అంటోంది. షోడశ సంస్కారాలు, అంత్య సంస్కారం, సంస్కారం లేని మనిషి… ఇన్ని చోట్ల వాడిన మాట అది. పాతదానికి ఒక గట్టితనం ఉంది, ఇంకెక్కడా దొరకదు. అర్థం తెలియకపోయినా అది మన మాట అని తెలిసేది.

తర్కం చదివినవాణ్ణి

నెల్లూరు టీచర్ గారూ, సందేహం అన్న అర్థం తరవాత వచ్చింది. కొండ మీద పొగ చూసి నిప్పు ఉందని తెలుసుకోవడం అనుమాన ప్రమాణం. “పర్వతో వహ్నిమాన్ ధూమవత్త్వాత్” అని తర్కసంగ్రహంలో చెప్పిన అన్నంభట్టు మన తెలుగువాడేనంటారు. పదిహేడో శతాబ్దం వాడు, నొబిలి కాలానికి దగ్గరవాడు. ఆ రోజుల్లో పండితులతో వాదించాల్సిన మిషనరీ చెవికి అనుమానం అంటే ప్రమాణమే, ఒక గట్టి జ్ఞానమే.

ఇంకో మాట, ఇది నా సొంత ఊహ. తర్కంలో గురుతుకు అసలు పేరు ‘లింగం’. పొగ లింగం, నిప్పు సాధ్యం. దేవుడి గురుతులకు శాస్త్రప్రకారం పేరు పెట్టాలంటే ‘దేవలింగములు’ అనాలి. శివాలయాల మధ్య కూర్చుని ఆ మాట ఎలా వాడతారు? అందుకే ఒక మెట్టు పక్కకు జరిగి, గురుతు వల్ల కలిగే జ్ఞానం పేరునే గురుతుకు పెట్టారు.

గుణదల కొండ కింద

లింగం సంగతి బాగుంది గానీ అసలు చోట మీ పొగ-నిప్పు నిలబడదు. నిప్పు వల్ల పొగ వస్తుంది, పొగ వల్ల నిప్పు రాదు. సంస్కారం అలా కాదే. జ్ఞానస్నానం నీళ్లు ఏదో ఇదివరకే జరిగిందని చూపించే గురుతు మాత్రమే కాదు, ఆ నీళ్లతోనే పాపం పోతుంది. సూచించేదాన్నే కలుగజేస్తుంది. 1547లో కతోలిక పీఠాధిపతుల త్రెంతు సభ పట్టుబట్టి చెప్పింది అదే, ఏడనీ చెప్పింది, అవి వట్టి గురుతులు కావనీ చెప్పింది. మా విచారణ జవాబులో “కలుగజేయునట్టి” అన్న ముక్క ఉందన్నాను చూడండి, అది ఎక్కువ మాట కాదు, దాని మీదే అంతా ఆధారపడి ఉంది. అనుమానం అన్న పదంలో ఆ శక్తి లేదు.

తర్కం చదివినవాణ్ణి

అనుమానం అంటే పొగ ఒక్కటే కాదండీ. న్యాయసూత్రాల్లోనే మూడు రకాలున్నాయి. ఏరు పొంగడం చూసి పైన వాన కురిసిందని తెలుసుకోవడం శేషవత్, అది కార్యం నుంచి కారణానికి పోతుంది. మబ్బు కమ్మడం చూసి వాన పడుతుందని తెలుసుకోవడం పూర్వవత్, అది కారణం నుంచి కార్యానికి. మీరన్నది రెండోదే. మబ్బు వానకు గురుతూ అవుతుంది, వానను తెచ్చేదీ అవుతుంది.

గుణదల కొండ కింద

మబ్బు పట్టినా కురవని రోజులు ఉంటాయి. సంస్కారం అలా తప్పదు. ఇచ్చే గురువు ఎలాంటివాడైనా క్రీస్తు పని ఆగదని కదా నేర్పారు. తీసుకునేవాళ్లు అడ్డు పెట్టకూడదు, అంతే.

చెన్నై తెలుగువాడు

మీరిద్దరూ తర్కంలోకి వెళ్లిపోయారు, నేనన్నది అలాగే ఉంది. తమిళంలో ధనం అర్థం లేకుండా ‘తిరవియం’ ఎక్కడ వాడారో ఒక్కటి చూపించండి, ఒప్పుకుంటాను.

తిరుపతి నుంచి

నేను కతోలికుణ్ణి కాను, పదాల మీద ఇష్టంతో చదువుతున్నాను. పైన ఎవరో ‘పాపసంకీర్తనం’ అన్నారు, అక్కడ ఆగిపోయాను. మాకు సంకీర్తన అంటే అన్నమయ్య, ఇంకో అర్థం తోచదు. పాపాలను పాడటం ఏమిటా అనుకున్నా. నిఘంటువు తీస్తే ‘కీర్త్’ ధాతువుకు మొదటి అర్థం చెప్పడం, పేరెత్తడం. పాట తరవాత. అన్నమయ్య సంస్కృతంలో రాసిన సంకీర్తన లక్షణాన్ని మనవడు చిన తిరుమలాచార్యులు తెలుగు చేశాడు, అందులో పాట లక్షణాలే కనబడతాయి గానీ ఆ పాత అర్థం మీ గుడిలో బతికి ఉందన్నమాట.

నెల్లూరు టీచర్

అవునండీ. గురువు దగ్గర మోకరించి ఫలానా పాపం, ఇన్నిసార్లు అని పేరెత్తి చెప్పాలి, “తప్పులు చేశాను” అని గంపగుత్తగా చెబితే చాలదు. మీ ధాతువు అక్కడ సరిగ్గా సరిపోతుంది. తపస్కాలంలో శుక్రవారాలు సిలువమార్గం పద్నాలుగు స్థలాలూ అయ్యాక ఆ వరుసలో నిలబడి, నా వంతు వచ్చేలోపు పాపాలకు పేర్లు వెతుక్కుంటాను. అన్నిటికంటే కష్టమైన పని అదే.

అన్నమయ్యను తెచ్చారు కాబట్టి చెబుతాను. పరలోక జపంలో “నానాటికి కావలసిన మా అన్నము మాకు నేటికి ఇవ్వండి” అంటాం. ప్రొటెస్టెంట్ల ‘అనుదినాహారము’ కంటే ఈ ‘నానాటికి’ నాకు ఎంతో ఇష్టం. ఇది “నానాటి బదుకు నాటకము”లోని నానాటే కదా?

తిరుపతి నుంచి

అదే. నాడు నాడు కలిసి నానాడు. ఆ కీర్తనలోనే “కుడిచేదన్నము” అని అన్నం కూడా ఉంది, “వేంకటేశ్వరుడేలిక” అని చివర్లో ఏలిక ఉన్నాడు. మీ మరియమ్మ జపంలో “ఏలినవారు మీతో ఉన్నారు” అని విన్నప్పుడు నాకు మొదట తట్టింది ఆ ఏలికే.

తర్కం చదివినవాణ్ణి

మరి పల్లవి రెండో పాదం? “కానక కన్నది కైవల్యము”. కంటితో చూడకుండానే కన్నది. కనబడని దాన్ని తెలుసుకోవడం. మనం మొదటి నుంచి మాట్లాడుతున్నది ఇదే కదా!

తిరుపతి నుంచి

అక్కడ ఆగండి. ‘కానక’ అంటే అనుమాన ప్రమాణంతో అని అర్థం కాదు. ఎదురుగా ఉన్న ఈ నాటకాన్ని చూడటం మానేస్తే అప్పుడు కనబడేది కైవల్యం అని. కానకపోవాల్సింది ప్రపంచాన్ని.

గుణదల కొండ కింద

నాకైతే ‘కానక కన్న’ అంటే చాలాకాలం ఎదురుచూసి, చూసి, చివరికి పొందిన అని వినిపిస్తుంది. లేకలేక కలిగిన బిడ్డను “కానక కన్న బిడ్డ” అంటారు మా వైపు. కనడం అంటే చూడటమే కాదు, పిల్లల్ని కనడం కూడా. ఆగమన కాలం (క్రిస్మస్ ముందు) నాలుగు వారాలూ నేను ఆ పాదం అలాగే తలుచుకుంటాను.

చెన్నై తెలుగువాడు

ఇది ఇంతవరకూ ఎవరూ చెప్పని అర్థం. బాగుంది. కానీ వ్యాకరణం ఒప్పుకుంటుందా? ‘కన్నది’ అక్కడ క్రియాజన్య నామం, దానికి కర్త ఎవరు?

పల్నాటి పాఠకుడు

జవాబు మధ్య ముక్క ఇంకా రాలేదండీ. “సేసునాథస్వామివారు” తరవాత “స్థాపించిన” అని వస్తుందా, “ఏర్పరచిన” అని వస్తుందా? 1960ల ముందు అచ్చయిన సత్యోపదేశం ఎవరింట్లో ఉన్నా ఆ పుట ఫొటో పెట్టండి, ‘ద్ర’ సంగతి కూడా తేలుతుంది.

నెల్లూరు టీచర్

మా పెద్దత్తయ్యను అడిగాను. ఆమె “ద్రవ్యాను, మానములు” అని మధ్యలో విరిచి చెప్పింది, రాగం అలాగే ఉండేదట. మానం అంటే కొలత కదా, దేవుడి ద్రవ్యాన్ని కొలిచి ఇచ్చే ఏడు మానికలు అని ఆమె ఇన్నాళ్లూ అనుకుంటోంది.

తర్కం చదివినవాణ్ణి

రాగం కోసం విరిచిన చోట సంధి విడగొట్టకూడదు. ద్రవ్య, అనుమానం, ఇంతే. ‘ద్రవ్యాను’ అని మాటే లేదు.

చెన్నై తెలుగువాడు

మాట లేకపోయినా మానిక ఉంది చూశారా, కొలిచేది సొమ్మునే. ఆమె కూడా నా పక్షమే.

తిరుపతి నుంచి

కర్త ఎవరని అడిగారు. “యెట్టనెదుట గలదీ ప్రపంచము, కట్టగడపటిది కైవల్యము” అన్న చరణం పక్కన పెట్టుకుని పల్లవి మళ్లీ చదవండి. ‘ఎదుట’కూ ‘కడపటి’కీ ఉన్న పోటీయే ‘కానక’కూ ‘కన్నది’కీ ఉంది. బిడ్డ అర్థం అందులో ఎక్కడ ఇముడుతుందో గుణదల వారే చెప్పాలి.