తురుంఖాన్ ఎవరు?

నిన్న మా చిన్నోడు బండి తాళాలు అడిగాడు. లైసెన్సు లేదు, హెల్మెట్ లేదు. "నువ్వేమన్నా పెద్ద తురుంఖాన్‌వా?" అన్నాను. "ఆయనెవరు నాన్నా?" అన్నాడు. చిన్నప్పటి నుంచీ వాడుతున్న మాటే, జవాబు మాత్రం నోటికి రాలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

— తుర్రుమని పారిపోయేవాడు తురుంఖాన్ అయ్యుంటాడు అన్నా :)

— తమ్ముడూ, నువ్వు నవ్వుతూ అన్నా కథలో ఆ పారిపోవడం నిజంగానే ఉంది. కానీ తుర్రుమనడం పిట్ట ఎగిరిన చప్పుడు, అచ్చ తెలుగు ధ్వని. దానికీ దీనికీ చుట్టరికం లేదు.

హైదరాబాదులో ఆ పేరు చెప్పగానే గుర్తొచ్చేది తుర్రేబాజ్ ఖాన్. 1857 జూలై 17న మౌల్వీ అల్లావుద్దీన్‌తో కలిసి, రొహిల్లాలనే పఠాన్ యోధులను వెంటేసుకుని కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీ, అంటే కంపెనీ ప్రతినిధి ఉండే భవనం మీద పడ్డాడు. ఆ భవనమే తర్వాత విమెన్స్ కాలేజీ అయింది. తెల్లదొరల ఫిరంగుల ముందు దాడి నిలవలేదు. ఖాన్ దొరికాడు, యావజ్జీవ ద్వీపాంతరం వేశారు. అండమాన్‌కు పంపేలోపే, 1859 జనవరిలో, కాపలా కళ్లుగప్పి తప్పించుకున్నాడు. పట్టిచ్చినవారికి 5,000 రూపాయల ఇనాం ప్రకటించారు. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. కొద్ది రోజులకే తూప్రాన్ దగ్గర దొరికిపోయాడు. తూప్రాన్ తాలూక్‌దారు కుర్బాన్ అలీ బేగ్ చేతిలో చనిపోయాడు. శవాన్ని నగరానికి తెచ్చి జనం చూసేలా వేలాడదీశారు. ఇప్పుడు కోఠిలో ఆయన పేరు మీద రోడ్డు ఉంది.

ఇక మాట సంగతి. తుర్రా అంటే తలపాగాలో నిలబెట్టే కుచ్చు. మన తురాయి అదే. ఎర్రగా పూసే తురాయి చెట్టుకు ఆ పేరు అలా వచ్చిందే. పేపర్లలో "మరో కలికితురాయి" అని రాసేదీ ఇదే. బాజ్ అంటే ఆ పని చేసేవాడు, దగాబాజ్‌లో ఉన్న బాజే. రెండూ కలిపితే తురాయి పెట్టుకుని డాబుగా తిరిగేవాడు. తురాయి మాట ఈ మనిషి కంటే పాతదన్నది ఖాయం. అందుకే తురుంఖాన్ అనే తిట్టు మొత్తం ఈయన నుంచే పుట్టిందని నేను ఒట్టేసి చెప్పను. హిందీవాళ్లూ ఈ మాట అంటారు కదా. పుట్టుక ఎక్కడైనా, హైదరాబాదులో దానికి ఒక ముఖం దొరికింది, అది ఈయనది.

— మాస్టారూ, చిన్న సందేహం. "తలకు 5,000 వెల కట్టారు" అనొచ్చా? "తలపై రివార్డు" అని పేపర్లో చదివినప్పుడల్లా నాకు నెత్తి మీద నోట్ల కట్ట పెట్టుకున్న మనిషి కనిపిస్తాడు.

— "తలకు వెల" బాగానే ఉంటుందమ్మా. కానీ ఇక్కడ ప్రకటన పట్టిచ్చినవారికి. తల తెమ్మనడం వేరు, మనిషిని పట్టివ్వమనడం వేరు. అందుకే నేను ఇనాం అన్నాను. బహుమతి అంటే నాకు స్కూల్లో వ్యాసరచన పోటీ, స్టీలు గ్లాసు గుర్తొస్తాయి. ఇనాం అరబ్బీ నుంచి వచ్చింది, ఇనాం భూములలో ఉన్నదీ అదే మాట. దొరవారు మెచ్చి ఇచ్చేది అన్న వాసన అందులో ఉంది. సర్కారు చేతిలో డబ్బు, అవతల ఎవడో ఒకడి ప్రాణం. ఈ రెండింటి మధ్య బేరానికి రివార్డు అనే మాట మరీ శుభ్రంగా ఉంటుంది.

— మా రాయలసీమలో తల అనగానే ఉయ్యాలవాడ నరసింహారెడ్డే. 1847లో కోయిలకుంట్లలో ఉరి తీశాక తలను కోట గుమ్మానికి వేలాడదీశారు. అది ఏళ్ల తరబడి అక్కడే ఉంది. ఆ కథ విని పెరిగిన మాకు "తలకు వెల" అన్న మాట అలంకారంలా వినబడదు.

— అందరికీ థాంక్స్. కథ మొత్తం మా వాడికి చెప్పాను. "అయితే నిన్న నన్ను తిట్టావా, పొగిడావా?" అని అడుగుతున్నాడు. తాళాలు మాత్రం ఇంకా నా జేబులోనే ఉన్నాయి.