డార్విష్‌, యమమోటో: ఈ సాయంత్రం ఏం గమనించాలి?

ఇర్వైన్_అమ్మ (11 అక్టోబర్ 2024, ఉదయం)

ఈ సాయంత్రం బేస్‌బాల్ చూడ్డానికి మావాడూ నేనూ లాస్ ఏంజిలిస్‌లోని డాడ్జర్ స్టేడియంకి వెళ్తున్నాం. డాడ్జర్స్‌కి శాన్‌డియెగో జట్టు పాడ్రేస్‌తో ఐదో మ్యాచ్. సిరీస్ 2-2, ఓడినవాళ్లు ఇంటికే. రేపు దసరా అయినా మావాడికి పండగ ధ్యాసే లేదు, పొద్దున్నుంచీ ఒకటే టెన్షన్. నేను క్రికెట్ చూస్తూ పెరిగాను. అక్కడ టాస్, పిచ్ చూసి అంచనా వేస్తాం. ఇక్కడేమో ముందు "స్టార్టర్ ఎవరు?" అనే అడుగుతారు, అంటే బంతి వేయడం మొదలుపెట్టే పిచ్చర్. ఇవాళ మనకి యమమోటో, పాడ్రేస్‌కి డార్విష్. ఈ ఇద్దరిలో నేను ఏం చూడాలో కాస్త చెప్పండి.

తెనాలి_స్లైడర్

అమ్మా, క్రికెట్‌లో ఆరు బంతులకోసారి బౌలర్ మారతాడు. ఇక్కడ మ్యాచ్‌కి తొమ్మిది ఇన్నింగ్స్, స్టార్టర్ ఒక్కడే వరసగా ఐదారు వేస్తాడు. అందుకే ఆట సగం అతని చేతిలోనే ఉంటుంది. ఒకే బ్యాటర్ మూడోసారి ఎదురయ్యేసరికి అతనికి బంతి అలవాటైపోతుంది. అసలు ప్రమాదం అక్కడే.

యమమోటో గురించి నాకు భయంగా ఉంది, దాచను. 12 ఏళ్లకు 32.5 కోట్ల డాలర్ల ఒప్పందంతో వచ్చాడు. మార్చిలో సియోల్‌లో ఇదే పాడ్రేస్ మీద తొలి మ్యాచ్ ఆడి, ఒక్క ఇన్నింగ్స్‌లో 5 రన్స్ ఇచ్చాడు. మొన్న ఈ సిరీస్ మొదటి మ్యాచ్‌లోనూ మూడు ఇన్నింగ్స్‌లో 5. పాడ్రేస్ బ్యాటర్ మచాడో హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కూడా అందులోదే. గ్లవ్ పట్టుకునే తీరును బట్టే ఏ బంతి వస్తుందో వాళ్లు పసిగట్టేస్తున్నారని చర్చ నడిచింది. మీరు బంతిని కాదు, విసిరే ముందు అతని గ్లవ్‌ని చూడండి. ప్రతిసారీ ఒకే ఎత్తులో, ఒకేలా ఉంటే నాకు ధైర్యం. అప్పుడు అతని స్ప్లిటర్ అచ్చం ఫాస్ట్‌బాల్‌లా వచ్చి, బ్యాట్ తిప్పాక కిందికి జారిపోతుంది.

డార్విష్ వేరే రకం. గంటకు 95 మైళ్ల ఫాస్ట్‌బాల్ వేసి, వెంటనే 70ల్లో తేలే కర్వ్, అంటే వంపు తిరిగే నెమ్మది బంతి వేస్తాడు. రెండో మ్యాచ్‌లో ఇక్కడే ఏడు ఇన్నింగ్స్‌కి ఒక్క రన్ ఇచ్చాడు. మన స్టార్ బ్యాటర్ ఒటానీకి ఒక్క హిట్ కూడా దక్కలేదు.

2017 వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్‌కి నాన్నతో కలిసి ఈ స్టేడియంలోనే ఉన్నాను. అప్పుడు డార్విష్ డాడ్జర్స్ వైపు. రెండో ఇన్నింగ్స్‌లో ప్రత్యర్థి బ్యాటర్ స్ప్రింగర్ హోమ్ రన్‌తో 5-0 అయింది, అతన్ని తీసేశారు. నాన్న చేతిలో పల్లీల పొట్లం అలాగే ఉండిపోయింది, ఒక్క గింజ తినలేదు. అదే మనిషి 38 ఏళ్ల వయసులో పిచ్చర్ నిలబడే ఇదే దిబ్బ మీద నిలబడబోతున్నాడు. నేను డాడ్జర్స్ మనిషినే. అయినా అతను బాగా వేయాలనే కోరుకుంటున్నాను.

శాన్‌డియెగో_బావ

నా ఓటు డార్విష్‌కే అన్నా. అతను ఏడు ఇన్నింగ్స్ లాగితే మావాళ్లకి అదే చాలు.

తెనాలి_స్లైడర్

లాగుతాడు బావా, అందులో సందేహం లేదు. కానీ యమమోటో అంత దూరం వెళ్లాల్సిన పనే లేదు. బుధవారం నాలుగో మ్యాచ్‌లో మా పిచ్చర్లు ఎనిమిది మంది కలిసి మీవాళ్లకి ఒక్క రన్ ఇవ్వలేదు. నిన్న విశ్రాంతి. మీ బ్యాటర్లందరినీ రెండు చుట్లు దాటిస్తే చాలు, మిగతాది బుల్‌పెన్ (స్టార్టర్ తర్వాత వచ్చే పిచ్చర్లు) చూసుకుంటుంది.

ఇర్వైన్_అమ్మ (12 అక్టోబర్, ఉదయం)

2-0, గెలిచాం! గొంతు పోయింది. రెండో ఇన్నింగ్స్‌లో కికే హెర్నాండెజ్, ఏడులో టెయోస్కర్ హెర్నాండెజ్ హోమ్ రన్లు, రెండూ డార్విష్ బంతుల మీదే. అతను ఇచ్చింది మొత్తం మూడు హిట్లే, అయినా ఓడాడు. యమమోటో సరిగ్గా ఐదు ఇన్నింగ్స్, సున్నా. మూడో ఇన్నింగ్స్‌లో ఇద్దరు బేస్‌ల మీద ఉండగా పాడ్రేస్ బ్యాటర్ టాటిస్ డబుల్ ప్లేకి (ఒకే బంతికి ఇద్దరు ఔట్) దొరికినప్పుడు మావాడు నా చేయి ఎంత గట్టిగా పట్టుకున్నాడో, గోళ్ల గుర్తులు ఇంకా ఉన్నాయి. గ్లవ్ మాత్రం చివరిదాకా వాడే చూశాడండీ. "ఒకేలా ఉందమ్మా, ఒకేలా ఉంది" అంటూనే ఉన్నాడు.