పామ్ కంపెనీ తొలి కలర్ పామ్‌టాప్ లాభమా, నష్టమా? పాతవాళ్లు చెప్పండి

పానగల్లు_రెప్:
బీరువా సర్దుతుంటే నా పాత పామ్ త్రీ-సి బయటపడింది. పామ్ కంపెనీ తీసుకొచ్చిన మొదటి కలర్ పామ్‌టాప్ (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్) అది, 2000 ఫిబ్రవరిలో వచ్చింది. అమెరికాలో ధర 449 డాలర్లు, అప్పటి లెక్కలో 20 వేలకు కాస్త అటూ ఇటూ. మా బావ అక్కడి నుంచి వస్తూ తెచ్చాడు. పైసలు మాత్రం నావే, అప్పు చేసి ఇచ్చాను. అప్పుడు నేను నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ లైన్లో మెడికల్ రెప్‌ని. ఏ డాక్టరు ఏ పూట ఓపీ చూస్తారు, ఏ మందు రాస్తారు, ఏ షాపు బాకీ ఎంత, అంతా అందులోనే ఉండేది. ఇప్పుడు మా మేనల్లుడు "అమ్మెయ్ మామా" అంటున్నాడు. అది నాకు అన్నం పెట్టింది, నాకు మనసొప్పడం లేదు. వాడినవాళ్లు మీ అనుభవం చెప్పండి.

జడ్చర్ల_సర్వీస్:
అన్నా, రిపేరు చేసేవాడిగా చెప్తున్నా. ఆ రోజుల్లో కలర్ అంటే దండగ ఖర్చు. అదే సమయంలో అదే కంపెనీ త్రీ-ఎక్స్‌ఈ అని బ్లాక్ అండ్ వైట్‌ది 249 డాలర్లకు అమ్మింది. మెమరీ రెండింటికీ 8 ఎంబీయే. స్క్రీన్ కూడా రెండింటికీ 160 బై 160 చుక్కలే. అంటే 200 డాలర్లు ఎక్కువ పెట్టినా ఒక్క లైను కూడా ఎక్కువ కనబడదు. పైగా ఎక్స్‌ఈకి రెండు సన్న పెన్సిల్ సెల్స్ చాలు, అయిపోతే ఏ కిరాణా కొట్లో అయినా దొరుకుతాయి. మీదానికి లోపల లిథియం బ్యాటరీ, క్రేడిల్ (పీసీకి తగిలించే స్టాండు) ఉంటేనే ఛార్జింగ్. ఇంక ఎండలో అయితే మీ స్క్రీన్ తెల్లబోయి కూర్చుంటుంది.

పానగల్లు_రెప్:
తమ్మీ, నేను పొలంలో వాడలేదు. దవాఖాన వరండాలో వాడాను. అక్కడ కరెంటు పోయిందంటే బ్లాక్ అండ్ వైట్ వాళ్లు కళ్లు చికిలించుకునేవాళ్లు, నాది మాత్రం వెనక లైటుతో తెల్ల కాగితం మీద అక్షరంలా కనబడేది. 256 రంగులు చాలవంటావా? మా మందు గ్రాఫు ఎర్ర గీత, పాత మందు గ్రాఫు నీలం గీత. డాక్టరుగారికి నోరు తెరిచి చెప్పే పనే లేదు.

జడ్చర్ల_సర్వీస్:
నేనడిగింది ఎండ సంగతి. జవాబు చెప్పండి.

గద్వాల_భాయ్:
ఎండలో బండి మీద పోతూ పామ్‌టాప్ చూసేది ఎవరన్నా?

జడ్చర్ల_సర్వీస్:
చూసేవాళ్లున్నారు కాబట్టే 2001లో పామ్ ఎం-505 వచ్చినప్పుడు వెలుతురును తిప్పికొట్టే స్క్రీన్ పెట్టారు. ఎండలో బాగుండేది. ఇంట్లోకి వస్తే మసక అని మళ్లీ అందరూ తిట్టారు.

వనపర్తి_టీచర్:
మా ఆశంతా సింప్యూటర్ అనే మన దేశపు చేతి కంప్యూటర్ మీద ఉండేది. బెంగళూరు ఐఐఎస్‌సీ ప్రొఫెసర్లు, ఎన్‌కోర్ కంపెనీ ఇంజనీర్లు కలిసి చేశారు. మన భాషల్లో పనిచేసే చౌక యంత్రం పల్లెలకు రావాలన్నది వాళ్ల ఉద్దేశం. అమిడా పేరుతో 2004లో అమ్మకానికి వచ్చినా మా బళ్ల దాకా రాలేదు. అందరూ ఎండ గురించే మాట్లాడుతున్నారు. పామ్‌లో తెలుగు అక్షరం ఒక్కటి లేదు, ఆ బాధ ఎవరికీ పట్టలేదా?

మర్రిగూడ_బిడ్డ:
ఎండలో కనబడే కలర్‌ది నేను వాడాను. కాంపాక్ ఐప్యాక్. 2000లోనే వచ్చిన రకం, 206 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 32 ఎంబీ ర్యామ్, 4096 రంగులు. మా దిక్కు బోర్ల నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో చూసే సర్వేలో నాకిచ్చారు. మిట్టమధ్యాహ్నం బోరింగు దగ్గర నిలబడి చదివినా శుభ్రంగా కనబడేది, అబద్ధం చెప్పను. కానీ రాసుకున్నదంతా ర్యామ్‌లో ఉంటుంది. బ్యాటరీ పూర్తిగా పడిపోతే డేటా మొత్తం పోతుంది. నాకు పోయింది. అందుకే నష్టమే అంటాను.

పానగల్లు_రెప్:
నా పామ్‌లోనూ అంతే. బ్యాటరీ చచ్చిపోతే అన్నీ పోతాయి. అందుకే రోజూ రాత్రి క్రేడిల్‌లో పెట్టి పీసీకి సింక్ చేసేవాణ్ణి, అంటే అంతా పీసీలోకి కాపీ అయ్యేది. సింక్ చేసుకోనివాడు యంత్రాన్ని తిడితే ఏం లాభం?

మర్రిగూడ_బిడ్డ:
క్రేడిల్ హైదరాబాద్ ఆఫీసులో ఉండేదన్నా. మా చేతికి ఛార్జరు ఒక్కటే ఇచ్చారు. ఊళ్లో కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు.

పానగల్లు_రెప్:
మిల్లు దగ్గరో, పంచాయతీ ఆఫీసులోనో పెట్టుకోవచ్చు కదా. మేమూ అదే కరెంటులో బతికాం. కొంచెం జాగ్రత్త ఉండాలి తమ్మీ.

మర్రిగూడ_బిడ్డ:
జాగ్రత్త గురించి నాకు చెప్పొద్దు. నెత్తి మీద ఎండ, చేతిలో శాంపిల్ సీసాలు, భుజానికి బ్యాగు. ఒక్కో ఇంట్లో ఆ ఫ్లోరైడ్ నీళ్లకు మోకాళ్లు వంగిపోయిన పెద్దమనుషులు మంచంలో నుంచే జవాబులు చెప్పేవాళ్లు. వాళ్ల పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక్కొక్కటే కొడుతూ, ఆ స్టైలస్ (తెర మీద రాసే పుల్ల) ఎక్కడ పడిపోతుందోనని టెన్షన్. మీరు ఏసీ గదిలో డాక్టరుకు ఎర్ర గీత చూపించిన మనిషి.

పానగల్లు_రెప్:
ఏసీ గదా? డాక్టరు పిలిచేదాకా చెప్పుల స్టాండు దగ్గర నిలబడ్డ మనిషిని నేను. ఆ పామ్ చేతికొచ్చాక "అదేంటి, చూపించు" అని లోపలికి పిలిచి కుర్చీ వేశారు. అప్పటిదాకా నా పేరు కూడా ఎవరికీ గుర్తుండేది కాదు. పామ్ గుర్తుపట్టేలా స్టైలస్‌తో రాసే గ్రాఫిటీ రాత నేర్చుకోవడానికి రాత్రిళ్లు కూర్చున్నాను. ఇంగ్లిష్ 'A' రాయాలంటే అడ్డగీత ఉండకూడదు, తలకిందుల 'V' గీయాలి, స్టైలస్ మధ్యలో ఎత్తకూడదు. పేపరు మీద కూడా అదే రాత వచ్చేసింది. నువ్వు దాన్ని నష్టం అంటే నా కష్టాన్ని అన్నట్టే ఉంది.

అచ్చంపేట_రైతుబిడ్డ:
పెద్దలారా, లొల్లి వద్దు.

జడ్చర్ల_సర్వీస్:
ఎండ సంగతి ఇంకా తేలలేదు.

మర్రిగూడ_బిడ్డ:
మీ కష్టాన్ని నేనేమీ అనలేదన్నా. అసలు సంగతి చెప్తా. డేటా పోయిన రోజు సర్వే చేయించే ఏజెన్సీ వాళ్లు, నేను ఊళ్లకే పోలేదన్నారు. ఇంట్లో కూర్చుని పోయింది అని నాటకమాడుతున్నానన్నారు. ఆ నెల జీతం కోశారు. అంతకుముందు సర్వేలో కాగితం ఫారాలుండేవి, ఇంటాయన సంతకమో వేలిముద్రో ఉండేది. ఎవరైనా అడిగితే ముందర పడేసేవాళ్లం. యంత్రం ఇచ్చిన రోజే ఆ ఫారాలు ఆపేశారు. నేను పోయినట్టు సాక్ష్యం చెప్పేది ఏదీ నా దగ్గర లేదు. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటిన బోర్లు ఏవో నాకు నోటికి తెలుసు, కానీ నా మాట ఎవరు వింటారు? మీరు మీ పైసలతో కొన్నారు, అందులో ఉన్నది మీది. నా చేతిలో ఉన్నది వాళ్లది. పోతే మాత్రం నాది.

వనపర్తి_టీచర్:
ఈ మాట మొదటే చెప్పాల్సింది తమ్ముడూ.

పానగల్లు_రెప్:
చదివాను. జీతం కోయడం అన్యాయం, అందులో రెండో మాట లేదు. నా సంగతి కూడా విను. కంపెనీ మారినప్పుడు మేనేజరు డాక్టర్ల లిస్టు ఇచ్చి పొమ్మన్నాడు. అది నా పామ్‌లో ఉంది, ఇవ్వనన్నాను. ఆ లిస్టుతోనే కొత్త కంపెనీలో నిలబడ్డాను. డైరీల్లో రాసుకుని ఉంటే కంపెనీ డైరీ అని లాక్కునేవాళ్లు. నాకు కాగితం పోగొట్టేది, యంత్రం నిలబెట్టింది. నీకు తిరగబడింది. ఇందులో కలర్‌కూ ఎండకూ సంబంధం లేదు.

మర్రిగూడ_బిడ్డ:
అదే అంటున్నా. ఇప్పటికీ సర్వేలకు పిల్లల చేతికి ట్యాబ్‌లు ఇస్తున్నారు. సాయంత్రం ఏమేం ఎక్కించారో చేతికొక రసీదు ఇవ్వాలి. అది లేకపోతే ట్యాబ్ తీసుకోవద్దు.

పానగల్లు_రెప్:
రసీదు దాకా ఒప్పుకుంటా. తీసుకోవద్దు అంటే ఒప్పుకోను. తీసుకోకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది, ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది?

మర్రిగూడ_బిడ్డ:
నలుగురూ కలిసి వద్దంటే ఇస్తారన్నా రసీదు. మేం ఒక్కొక్కరం విడివిడిగా సరేనన్నాం, అందుకే కోశారు.

జడ్చర్ల_సర్వీస్:
పానగల్లు అన్నా, అమ్మేది అయితే ముందు బ్యాటరీ ఉబ్బిందేమో చూడండి. ఉబ్బితే ఛార్జింగ్ పెట్టొద్దు, నా దగ్గరికి తీసుకురండి.

పానగల్లు_రెప్:
అమ్మను తమ్మీ. బ్యాటరీ చూపించడానికి ఆదివారం వస్తా.